కలకత్తాకు పంపిన పాటల పుస్తకం

ముప్పై ఏళ్లు లైబ్రరీలో ఏం చేశావు, దుమ్ము దులిపావా అని మా వియ్యంకుడు ఇప్పటికీ అడుగుతాడు. దులిపాను. దులపనివాడు లైబ్రేరియన్ కాడు. ఏ పుస్తకం మీద దుమ్ము ఎంత మందంగా ఉందో చూస్తే, ఆ గల్లీలో జనం ఏం చదువుతున్నారో, దేన్ని వదిలేశారో ఏ రిజిస్టరూ తెరవకుండా చెప్పవచ్చు. ఈ సంగతి డిప్లొమా క్లాసులో చెప్పరు. చెప్పని సంగతులు ఇంకా ఉన్నాయి. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం వాటిలో కొన్ని రాస్తున్నాను. ఎప్పుడు పర్మనెంటు అయ్యానో, ఏ గ్రేడులో దిగిపోయానో రాయను. అవి చదివితే మీకు నిద్ర తప్ప ఇంకేం రాదు.

నా చదువు సంగతి నేనే ముందు చెప్పేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు ఎత్తిపొడుస్తారు. ఉర్దూ మీడియంలో నాలుగో జమాత్, అంతే. ఆ తర్వాత పుస్తకాలు కుట్టే దఫ్తరీ పనిలో చేరాను. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను తిరిగి ఇచ్చేలోగా చదివేసేవాణ్ణి. తెలుగూ, ఇంగ్లీషూ అట్లా వచ్చినవే. అందుకే నా ఇంగ్లీషులో జిగురు వాసన వస్తుందని ఒక ఆఫీసరు నవ్వాడు. ఆయన ఇంగ్లీషులో ఏ వాసనా వచ్చేది కాదు, ఎందుకంటే ఆయన ఏమీ చదవలేదు.

శుక్రవారం, శనివారం, ఆదివారం

నేను దఫ్తరీగా చేరిన లైబ్రరీ పాతబస్తీలో, మొఘల్‌పురాలో ఒక పాత నవాబుల దేవిడీ ముందుభాగంలో ఉండేది. మూడు గదులు, పదకొండు బీరువాలు, ఒక చదువుకునే హాలు. డెబ్బైల మొదట్లో ఆ హాలు పొద్దున తొమ్మిదికే నిండేది. పేపరు కోసం వచ్చేవాళ్లు కొందరు, ఫ్యాను కోసం వచ్చేవాళ్లు ఎక్కువమంది. ఫ్యాను కోసం వచ్చినవాణ్ణి తరిమెయ్యకండి. వాడే ఒకరోజు విసుగొచ్చి పుస్తకం తీస్తాడు.

మా లైబ్రేరియన్ ఎస్తేర్ మేడం. బొంబాయి వైపు యూదులు. వాళ్లాయన రైల్వేలో బదిలీ మీద వస్తే ఆమె ఇక్కడ ఉద్యోగం చూసుకున్నారు. మొదటి నెలంతా గల్లీలో ఆమెను పార్సీ అనుకున్నారు, తర్వాత కిరస్తానీ అనుకున్నారు. ఒకాయన ధైర్యం చేసి అడిగేస్తే యూదులమని చెప్పారు. ఆయన తల ఊపి, "ఓహో, మూసా నబీ వాళ్లా" అని, తమ ప్రవక్తల్లో ఒకరి మనుషులే అన్నట్టు, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. అంతటితో ఆ విచారణ ముగిసింది.

ముగియనిది సెలవుల లొల్లి. మా లైబ్రరీకి శుక్రవారం సెలవు. మేడం శనివారం ఏ పనీ చేయరు, కలం కూడా ముట్టరు. మా సెక్రటరీ సుబ్బారావు గారు కోస్తా నుంచి వచ్చి ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన మనిషి, ఆయన లెక్కలో ఆదివారం తప్ప వేరే సెలవు లేదు. చివరికి ఏం తేలిందంటే శుక్రవారం లైబ్రరీ మూత, శనివారం నేను ఒక్కణ్ణే, ఆదివారం మేడం ఒక్కరే. శనివారాలు నాకు దొరకకపోతే నేను జన్మంతా జిగురు కలుపుతూనే ఉండేవాణ్ణి. నా అసలు డిప్లొమా ఆ శనివారాలే.

సుబ్బారావు గారి గురించి ఒక్కమాట. చెడ్డవాడు కాడు. కానీ పుస్తకం పోకుండా ఉండటమే లైబ్రరీ అని నమ్మేవాడు. బీరువాలకు తాళాలు వేయించాడు. "పోయిన ఏడు ఒక్క పుస్తకం పోలేదు" అని మీసం దువ్వుకునేవాడు. ఒక్క పుస్తకం బయటికి పోనివ్వకపోతే ఎట్లా పోతుంది? ఇట్లాంటి పైవాళ్లు మీకూ దొరుకుతారు. తాళంచెవి ఎక్కడ పెడతారో చూసి పెట్టుకోండి.

తిరుగుడు చిట్ఠీ

మేడం నాకు నేర్పిన మొదటి పాఠం: పుస్తకం లేదని ఎవరికీ చెప్పొద్దు. మన దగ్గర లేకపోతే ఎక్కడుందో కనుక్కుని చెప్పు. వినడానికి బాగానే ఉంది, మొఘల్‌పురాలో కూర్చుని ఎక్కడని కనుక్కుంటాం? టెలిఫోను సెక్రటరీ గారి ఇంట్లో ఉండేది, దానికీ తాళమే.

దానికి మేడం దగ్గర ఒక ఏర్పాటు ఉంది. బొంబాయిలో ఇద్దరు, పూనాలో ఒకరు, అహమ్మదాబాదులో ఒకరు, కొచ్చిన్‌లో ఒకరు, కలకత్తాలో ఒకరు, ఇక్కడ మేడం. ఏడుగురూ యూదులే, ఏడుగురూ లైబ్రరీ పనివాళ్లే. ఒక లావుపాటి కవరు ఈ ఏడుగురి మధ్యా తిరిగేది. కవరు వచ్చినప్పుడు అందులో మీ పాత కాగితం తీసేసి, కొత్త కాగితం రాసి పెట్టి, తర్వాతి ఊరికి పంపాలి. నేను దాన్ని తిరుగుడు చిట్ఠీ అనేవాణ్ణి. కాగితంలో మూడు సంగతులు ఉండాలి: మాకు ఏ పుస్తకం కావాలి, మా దగ్గర ఏముంది, మా ఊళ్లో పాత సంగతుల మీద ఏ సభ, ఏ ప్రదర్శన జరుగుతోంది. ఆరోగ్యాలు, కోడళ్ల మీద ఫిర్యాదులు చివర నాలుగు లైన్లకు మించకూడదు.

అది ఎట్లా పనిచేసేదో చెబుతాను. మా పక్క గల్లీ హకీం సాబ్ పుస్తకంలో నాలుగు పేజీలు చెదలు తినేశాయి. సరిగ్గా మందుల పాళ్లు ఉన్న పేజీలే తిన్నాయి, చెదలకు కూడా ఏం తినాలో తెలుసు. హకీం సాబ్ రెండేళ్లు ఊరంతా వెతికాడు. మేము చిట్ఠీలో నాలుగు లైన్లు రాశాం. రెండు నెలలకు పూనా నుంచి ఆ నాలుగు పేజీలూ చేత్తో రాసి వచ్చాయి. రాసినాయనకు ఉర్దూ రాదు, బొమ్మ గీసినట్టు ఒక్కో అక్షరం చూసి దించాడు. హకీం సాబ్ చదివి, రెండుచోట్ల చుక్క తప్పిందని సణిగి, పూనాకు తలనొప్పి లేహ్యం డబ్బా పంపాడు. తర్వాతి చిట్ఠీలో ఆ లేహ్యం గురించే సగం పేజీ ఉంది.

తర్వాత్తర్వాత మేడం నన్నూ రాయమన్నారు. నేను యూదుణ్ణి కాను, లైబ్రేరియన్ని అంతకన్నా కాను. రాశాను. బొంబాయాయన ఒకరు, ఈ మల్లేశం ఎవరు, వ్యాకరణం తప్పు, సమాచారం మాత్రం కరెక్టు అని రాశాడు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాకు వచ్చిన ఒకే ఒక్క సర్టిఫికెట్టు అది.

నోటీసు బోర్డు

చిట్ఠీలో వచ్చిన సభల వార్తలను నేను ఉర్దూలో, తెలుగులో రాసి బోర్డుకు అంటించేవాణ్ణి. సుబ్బారావు గారికి ఇది నచ్చేది కాదు.

"ఏమయ్యా మల్లేశం, కలకత్తాలో సభ అయితే మొఘల్‌పురాలో నోటీసెందుకు? ఎవడైనా రైలెక్కి వెళ్తాడా ఏమిటి?"

వెళ్లరు. కానీ ఎక్కడో ఒకచోట పాత దీపాల గురించి, పాత వంటల గురించి జనం కూర్చుని మాట్లాడుకుంటున్నారని తెలిస్తే, మన అటక మీద ఉన్నదాని వైపు ఒకసారి చూస్తారు. నేను ఇది ఆయనకు వివరించబోయాను. ఆయన అప్పటికే తాళాలు లెక్క చూసుకుంటున్నాడు.

ఒకసారి కలకత్తా నుంచి మోజెల్ అనే ఆమె రాసింది. ఈమెను గుర్తుపెట్టుకోండి. కలకత్తా యూదులు ఎన్నో తరాల క్రితం బగ్దాదు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న పాటల మీద ఒక కార్యక్రమం పెడుతున్నామనీ, ఎవరి దగ్గరైనా పాత పాటలు రాసిపెట్టినవి ఉంటే చెప్పమనీ ఆమె అడిగింది. నేను బోర్డు మీద అంటించాను.

నాలుగో రోజు హబీబున్నీసా ఖాలా వచ్చింది. మా లైబ్రరీ వెనక గల్లీలో ఉండేది, అరవై దాటిన మనిషి, గల్లీ అంతటికీ ఖాలాయే, అంటే పిన్నమ్మ. మనవడు నోటీసు చదివి చెప్పాడట. ఎర్ర గుడ్డలో చుట్టిన నోట్‌బుక్కు ఒకటి మేడం బల్ల మీద పెట్టింది. ఖాలా ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేది. నేను తెలుగువైపుకు లాగి రాస్తున్నాను.

"యాభై ఏండ్ల సంది అల్మారీల ఉన్నది. ఎవ్వలకూ సదువొస్తలేదు. మీరేమన్న సదువుతరా?"

కథేమిటంటే, ఖాలా చిన్నప్పుడు వాళ్ల ఇంటి మేడగదిలో సారా బీ అనే కలకత్తా యూదు ఆవిడ అద్దెకుండేది. పెద్దింటి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. ఉర్దూ చక్కగా మాట్లాడేది, రాయడం మాత్రం రాదు. ఆ ఇంట్లో పెళ్లి పాటలన్నీ ఖాలా వాళ్లమ్మ వజీరున్నీసా నోట ఉండేవి. సారా బీ వాటిని విని, తనకొచ్చిన తన మతం అక్షరాలలో రాసుకుంది. పాట మన దక్కనీ, అక్షరాలు హీబ్రూ. ఖాలాకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి చనిపోయింది. తర్వాత సారా బీ కలకత్తాకు పోతూ నోట్‌బుక్కు పిల్ల చేతిలో పెట్టి, మీ అమ్మ ఇందులో ఉందని చెప్పి వెళ్లింది.

ఖాలా మనవరాలు మెహర్ పెళ్లి రంజాన్ తర్వాత అనుకున్నారు. మంజె రోజు, అంటే పిల్లకు పసుపు రాసే రోజు, ఢోలక్ ముందు మొదట పాడే పాట ఆ ఇంట్లో ఒకటి ఉండేదట. తల్లి పాడిన ఆ పాటలో ఖాలాకు రెండు లైన్లే గుర్తున్నాయి. తన పెళ్లికి పాడేవాళ్లు లేరు, కూతురి పెళ్లికి ఆ రెండు లైన్లే పాడారు.

"మెహర్‌కన్న పూరా పాడాలె బేటా. ఇంక నాకు ఎన్ని పెండ్లిళ్లు దొరుకుతయ్?"

మేడం నోట్‌బుక్కు చాలాసేపు చూశారు. అక్షరాలు మావే, కానీ నాకు ప్రార్థన పుస్తకంలో అచ్చక్షరాలే వస్తాయి, ఇది బగ్దాదు వాళ్ల గొలుసురాత, మోజెల్ అయితేనే చదవగలదు అన్నారు. నోట్‌బుక్కు కలకత్తాకు పోవాలని తేలింది. ఖాలా గుడ్డ విప్పి నోట్‌బుక్కు మాత్రం ఇచ్చింది, గుడ్డ వెనక్కి తీసుకుంది. జాగ్రత్త అని నాతో మూడుసార్లు చెప్పింది. జాగ్రత్త పడటం నాకు నేర్పాలా అని మనసులో చిరాకుపడ్డాను.

నా పనితనం

అదే వారం సికింద్రాబాదులో ఒక కలకత్తా యూదు కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ, చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాలు ఎనిమిది మేడంకు అప్పగించారు. దేవుడి పేరున్న కాగితాన్ని వాళ్లు పారెయ్యరు, కాల్చరు. ఒక పెట్టెలో వేస్తారు. పెట్టె నిండితే ఒకరోజు చూసి, మనిషిని పాతిపెట్టినట్టే శ్మశానంలో పాతిపెడతారు. మొఘల్‌పురాలో ఇది ఎవరికీ వింత కాదు, ఇక్కడ కూడా దారిలో పడిన ఖురాన్ కాగితం ముక్కను కళ్లకద్దుకుని గోడ సందులో పెడతారు. ఆ ఎనిమిది పుస్తకాలను కలకత్తాలో వాళ్ల ప్రార్థనా మందిరానికి పంపాలి. నోట్‌బుక్కును మోజెల్‌కు పంపాలి. ఆమె ఇల్లు ఆ మందిరం పక్కనే. మందిరం పేర ఒకే మూట కట్టు, నోట్‌బుక్కు మోజెల్‌కని చీటీ రాసి లోపల అన్నిటికీ పైన పెట్టు అని గురువారం సాయంత్రం మేడం చెప్పి వెళ్లారు. శుక్రవారం మూత, శనివారం నేను ఒక్కణ్ణే.

మూట నేనే కట్టాను. నోట్‌బుక్కు వీపు విరిగి ఉంది, చివరి రెండు ఆకులు అతుక్కుపోయి ఉన్నాయి. ఊడదీస్తే చిరుగుతుందని వాటిని ముట్టలేదు. దారిలో నలగకూడదని కింద నాలుగు ప్రార్థన పుస్తకాలు, మధ్యన నోట్‌బుక్కు, పైన నాలుగు ప్రార్థన పుస్తకాలు పెట్టి, రెండువైపులా అట్ట వేసి, గుడ్డ కుట్టి లక్క వేశాను. కలకత్తా దాకా తన్నుకుంటూ తీసుకుపోయినా మూల వంగదు. చీటీ లోపల పెడితే రాపిడికి చిరుగుతుందని, దాన్ని విడిగా ఉత్తరంగా మోజెల్ పేర పోస్టు చేశాను. మేడం చెప్పినదానికంటే నాది మెరుగైన పద్ధతి అనుకున్నాను. పనివాడు తన పనితనం చూసి మురిసిపోతున్నప్పుడే ఎవరైనా వచ్చి చెంప పగలగొట్టాలి. శనివారం కదా, ఎవరూ లేరు.

పదిహేను రోజులకు మోజెల్ నుంచి టెలిగ్రాం వచ్చింది. మూట ముందే చేరింది, మోజెల్ అక్కగారి ఊరికి వెళ్లి ఉంది. మందిరం చూసుకునే కాపలాదారు మూట విప్పాడు. పైన చిరిగిన ప్రార్థన పుస్తకాలు, కింద చిరిగిన ప్రార్థన పుస్తకాలు, మధ్యన అవే అక్షరాలతో చిరిగిన నోట్‌బుక్కు. చీటీ లేదు. కట్టకు కట్ట తీసి పెట్టెలో వేశాడు. వేసినదాన్ని తియ్యడం ఆచారం కాదు. పాతిపెట్టే రోజు దగ్గరపడింది, నేను ప్రయత్నిస్తున్నాను అని టెలిగ్రాం.

పోస్టులో పోయింది

సుబ్బారావు గారు టెలిగ్రాం చదివి, తలుపు దగ్గరికి వేసి, ఎంతో ప్రేమగా మాట్లాడాడు.

"మల్లేశం, పోస్టులో పోయిందని చెప్పెయ్. పోస్టాఫీసు వాళ్లు వచ్చి మనల్ని అడుగుతారా? ముసలావిడ రెండు రోజులు ఏడుస్తుంది, మర్చిపోతుంది."

సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు ఆ మాట చల్లటి నీళ్లలా అనిపించింది. మేడం వైపు చూశాను. ఆమె అరవలేదు. ఇవాళే వెళ్లి నువ్వే చెప్పు, అబద్ధం చెప్పిన లైబ్రరీకి మళ్లీ ఎవరూ అటక మీది పుస్తకం తీసుకురారు అన్నారు. నేనూ వస్తానని అంటారేమో అని నిలబడ్డాను. అనలేదు.

ఖాలా వాకిట్లో పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. నేను మొత్తం చెప్పాను. చీటీ ఎందుకు లోపల పెట్టలేదో వివరించబోతుంటే ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"పారేసిండ్రా?"

"లేదు ఖాలా. వాళ్ల దగ్గర పవిత్రమైన కాయితాలను పాతిపెడ్తరు. అందులో కలిసింది."

"ఎవ్వలూ సదవకముందే?"

ఆమె వక్కలు కత్తిరించడం మానలేదు. అడకత్తెర చప్పుడు మాత్రం పెద్దదయింది.

"జాగ్రత్త అని మూడుసార్లు చెప్పిన. నాల్గోసారి చెప్పేదుండె."

ఈ ఒక్కమాట తప్ప తిట్టలేదు. నన్ను కూర్చోమనలేదు కూడా. ఆ ఇంట్లో గడప దాటిన మనిషికి చాయ్ ఇవ్వకపోవడం నేను అదొక్కసారే చూశాను. ఆ తర్వాత ప్రతి రెండు రోజులకూ వెళ్లి ఏమీ రాలేదని చెప్పి వచ్చేవాణ్ణి. ఏమీ లేదని చెప్పడానికి కూడా వెళ్లాలని అప్పుడు తెలిసింది. పిల్లలూ, మీ చేతిలో పుస్తకం పోతే ఆ రోజే చెప్పండి. మర్నాటికి ఆ మాట బరువు రెట్టింపు అవుతుంది.

పెట్టె ముందు మూడు మధ్యాహ్నాలు

మంజెకు రెండు రోజుల ముందు కలకత్తా నుంచి లావుపాటి రిజిస్టరు కవరు వచ్చింది. నోట్‌బుక్కు అందులో లేదు. మోజెల్ ఉత్తరం ఉంది, దాంతోపాటు పెద్ద అక్షరాలతో ఇంగ్లీషు లిపిలో రాసిన కాగితాలు ఉన్నాయి. జరిగింది ఆమె ఉత్తరంలో ఉన్నట్టే చెబుతాను.

పెట్టె తాళం వాళ్ల పెద్దాయన ఒకరి దగ్గర ఉంటుంది. ఆయన మొదట కుదరదన్నాడు. ఇందులో ప్రార్థనలు లేవు, పెళ్లి పాటలున్నాయి అని మోజెల్ వాదించింది. అయితే చదివి వినిపించు అన్నాడాయన. పెట్టె ముందు స్టూలు వేసుకుని మోజెల్ చదవడం మొదలుపెట్టింది. ఆమెకు అక్షరం వస్తుంది, మన మాట అర్థం కాదు. పెద్దాయనకు కూడా అర్థం కాలేదు. కాపలాదారు మాత్రం ఉర్దూ తెలిసిన ముసల్మాను. పక్కన నిలబడి వింటున్నవాడు ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట. వియ్యపురాలి ముక్కు మీద, ఆమె మొగుడి బట్టతల మీద ఎగతాళి పాట అది. ఏమిటని పెద్దాయన అడిగితే వాడు చెప్పడానికి సిగ్గుపడి, చివరికి చెప్పాడు. పెద్దాయన కూడా నవ్వాడు. ఇది మా పెట్టెలో ఉండాల్సింది కాదు, తీసుకుపో అన్నాడు.

అప్పుడు మోజెల్ అతుక్కుపోయిన చివరి రెండు ఆకులను కత్తితో విడదీసింది.

లోపల పాట లేదు. వజీరున్నీసా చనిపోయినప్పుడు సారా బీ రాసిన ప్రార్థన ఉంది. తమ వాళ్లెవరైనా పోతే చేసే ప్రార్థన, హీబ్రూలో, దేవుడి పేరు పూర్తిగా రాసి, మధ్యలో వజీరున్నీసా పేరు పెట్టి రాసింది. "నేను మాట్లాడకుండా ఆ ఆకు తిప్పేసి పుస్తకం తీసుకుని రావచ్చు. నా వల్ల కాలేదు. చదివి వినిపించాను" అని మోజెల్ రాసింది. పెద్దాయన విని, అట్లయితే ఇది ఇక్కడే ఉంటుంది, పాతిపెట్టే దాకా ఎంత కావాలంటే అంత రాసుకో అన్నాడట. మూడు మధ్యాహ్నాలు ఆమె ఆ స్టూలు మీద కూర్చుని రాసింది. ఖాలా అడిగిన మొదటి పాట పూర్తిగా ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. చదవాల్సిన పుస్తకాన్ని మట్టిలో పెట్టడం ఏమిటి, ఆ ఒక్క ఆకు ఉంచుకుని తక్కినది పంపొచ్చు కదా అని మేడంతో గట్టిగానే వాదించాను. చనిపోయిన మనిషి ప్రార్థనను కుట్టు విప్పి చింపమంటావా అని మేడం అడిగారు. దఫ్తరీగా అయితే నేను నిమిషంలో విప్పుతాను. మనిషిగా ఆ కుట్టు మీద చెయ్యి వెయ్యలేను. అయినా ఆ పెద్దాయనతో నాకు రాజీ కుదరలేదు, ఇది కూడా రాసి పెడుతున్నాను.

చదువు

కవరు తీసుకుని పరుగెత్తాను. ఖాలా ఇంటినిండా చుట్టాలున్నారు. నన్ను చూసి, రోజూలాగే ఏమీ లేదని చెబుతాననుకుని లోపలికి పోబోయింది. నేను నోట్‌బుక్కు రాదని ముందు చెప్పాను, ఆ తర్వాత ఆఖరి ఆకు సంగతి చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

"మా అమ్మ పేరు రాసిందా?"

"రాసింది ఖాలా. వాళ్ల దేవుని పేరు పక్కనే."

"మరి వాళ్ల మట్టిల పెడ్తె తప్పేమున్నది? ఆ పెద్దమనిషి చేసిందే ఖరే." కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "నువ్వు చేసింది మాత్రం తప్పే. మాఫీ సంగతి తర్వాత చూస్త. ముందు సదువు."

వాకిట్లో పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఖాలా మనవరాలు మెహర్ కూడా, పెళ్లికూతురు అన్న సంగతి మర్చిపోయి ముందుకొచ్చి కూర్చుంది. నేను కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. నా గొంతు రేషన్ కార్డు పేర్లు పిలిచినట్టు ఉంటుంది. రెండో లైను దగ్గరే ఖాలా అందుకుంది. రాగం ఆమెకు గుర్తుంది, మాటలే పోయాయి. నేను మాట ఇస్తున్నాను, ఆమె దాన్ని రాగంలో పెడుతోంది, వెనక ఆడవాళ్లు పట్టుకుంటున్నారు. అరగంటలో నా అవసరం తీరిపోయింది. ఎవరో చాయ్ తెచ్చి చేతిలో పెట్టారు.

మంజె సాయంత్రం నేను గల్లీలో మగవాళ్లతో కూర్చుని ఆ పాట పూర్తిగా విన్నాను. పక్కన మేడం భర్త ఉన్నారు. మేడం లోపల ఆడవాళ్లలో ఉన్నారు, ఆమె గొంతు కూడా వినిపించింది.

రెండు నెలలకు తిరుగుడు చిట్ఠీ వచ్చింది. కలకత్తా కార్యక్రమం జరిగిన తీరు మోజెల్ నాలుగు పేజీలు రాసి, పాటలన్నీ టైపు చేసి పెట్టింది. మొదటి పాట చూస్తే నేను చదివిన వరసలో లేదు. ఆమె పంపిన కాగితాలకు అంకెలు వెయ్యలేదు. గల్లీలో పరుగెత్తుతూ కవరు చించినప్పుడు మూడో కాగితం, నాలుగో కాగితం తారుమారయ్యాయి. జీవితమంతా పేజీలు వరస పెట్టిన చేతులు నావి. అసలు పాటలో ముందు మూడు చరణాల గోరింటాకు, తర్వాత పల్లకీ. నేను చదివిన దాంట్లో పిల్ల పల్లకీ ఎక్కి అత్తవారింటికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత తల్లి కూర్చుని చేతికి గోరింటాకు పెడుతుంది.

ఈసారి ఆ రోజే వెళ్లి చెప్పాను. ఖాలా చాలాసేపు నవ్వింది.

"ఇర్వై మందికి నోటికొచ్చింది మియా. ఒక్కొక్కరి నోట్లకెల్లి తీస్తవా ఇప్పుడు? పోనీ. పిల్ల పోయినంక కూడ తల్లి చేతుల గోరింటాకు ఉంటదనుకో."

మాఫీ చేశానని ఆమె ఎప్పుడూ అనలేదు. ఆరేళ్ల తర్వాత పోయింది. మేడం అంతకుముందే వాళ్లాయన బదిలీ మీద వెళ్లిపోయారు, చిట్ఠీ కొన్నేళ్లు నా పేర తిరిగింది, తర్వాత ఒక్కో ఊరూ తగ్గిపోయింది.

నేను రిటైరయ్యాక మెహర్ కూతురి మంజెకు పిలుపు వచ్చింది. వెళ్లాను. ఇప్పుడు నేను ముసలివాణ్ణి కాబట్టి వాకిట్లోనే ఒక మూల కుర్చీ వేశారు. ఢోలక్ మెహర్ చేతిలో ఉంది. పాట మొదలైంది. మూడో చరణంలో పల్లకీ వెళ్లిపోయింది, గోరింటాకు దాని వెనక వచ్చింది. పాట అయిపోయాక ఉండబట్టలేక మెహర్‌ను పిలిచి, బిటియా, గోరింటాకు ముందు రావాలి అన్నాను.

"మల్లేశ్ మామూ, ఇది మా నానీ వాళ్లమ్మ పాట. మా ఇంట్ల గిట్లనే పాడ్తరు. నీకు షక్ ఉంటే లైబ్రరీల పోయి చూసుకో" అంది, ఢోలక్ తాళ్లు బిగించుకుంటూ.

టైపు కాగితం నా జేబులోనే ఉంది. చూపిద్దామనే తెచ్చాను. తియ్యలేదు.